క్యాలెండరు మీద ఉన్న మాట ఎవరిది?



ఈ వారం ధ్యాన భాగము: యోబు 8:1-7, 42:7-9. బైబిలు దగ్గరుంటే తెరిచి పెట్టుకోండి.

మన రూముల్లో గోడకు తగిలించుకునే వాగ్దాన క్యాలెండర్లలో యోబు 8:7 తరచుగా కనబడుతుంది. మొదట కొంచెమే ఉన్నా చివరికి బాగా పైకి వస్తావు అనే భావం గల వచనం. నేనూ కువైట్ వచ్చిన కొత్తలో మంచం పక్కన అంటించుకున్నాను. అయితే ఆ మాట పలికింది ఎవరు? దేవుడు కాదు, బిల్దదు. మూడు వచనాల ముందు, 8:4లో, అదే నోటితో ఏమన్నాడో చూడండి. పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రితో, వాళ్లు పాపం చేశారేమో, అందుకే పోయారేమో అన్నాడు.

ఇది నేను గొప్పగా చదువుకొని చెప్పడం లేదు, తప్పు చేసి నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం మా రూములో ఒక తమ్ముడికి ఊరి నుండి ఫోన్ వచ్చింది. నాలుగేళ్ల పాప జ్వరంతో పోయింది. సెలవు దొరకలేదు. సమాధి కార్యక్రమం వీడియో కాల్‌లో చూశాడు. ఆ రాత్రి నేను పక్కన కూర్చొని, "తమ్ముడూ, నీ జీవితంలో సరిచేసుకోవలసింది ఏదైనా ఉందేమో చూసుకో. దేవుడు ఊరకనే ఏదీ చేయడు" అన్నాను. యోబు 4:8 కూడా చెప్పాను, కీడు విత్తినవాడు కీడే కోస్తాడని. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత శుక్రవారం ప్రార్థనకు రావడం మానేశాడు. చాలా రోజులకు ఒక్క మాట అడిగాడు: "అన్నా, నేను చేసిన తప్పుకి నా పాపను చంపే దేవుడైతే, ఆయనకు నేనెందుకు మొక్కాలి?"

నాకు జవాబు రాలేదు. అప్పటిదాకా అక్కడొక వచనం ఇక్కడొక వచనం ఏరుకున్నవాణ్ణే. అప్పుడు యోబు గ్రంథం 42 అధ్యాయాలూ వరుసగా చదివాను. చదివితే భయం వేసింది. నేను చెప్పిన 4:8 ఎలీఫజు మాట. 42:7లో దేవుడు కోపగించింది ఆ ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీదే. వాళ్లు తన గురించి సరిగా పలకలేదనీ, యోబే సరిగా పలికాడనీ తేల్చి చెప్పాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. స్నేహితులు దేవుడు గొప్పవాడు, న్యాయవంతుడు అన్నారు. యోబేమో నన్ను శత్రువులా ఎందుకు చూస్తున్నావని దేవుణ్ణే అడిగాడు. పైకి చూస్తే స్నేహితులే భక్తులు. మరి ఎందుకిలా? 13:7లో యోబు వాళ్లను అడిగిన ప్రశ్నలో జవాబుందని నాకనిపిస్తుంది. దేవుని పక్షాన అన్యాయంగా మాట్లాడతారా అని అడిగాడు. యోబు యథార్థవంతుడని మొదటి అధ్యాయంలోనే దేవుడు సాక్ష్యమిచ్చాడు. వాళ్లకు ఆ సంగతి తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి, దేవుని పేరు కాపాడదామని నిర్దోషిని దోషిని చేశారు. దేవునికి అలాంటి వకీలు అక్కర్లేదు.

అయితే వాళ్ల మాటలన్నీ కొట్టివేయాలా? కాదు. 1 కొరింథీయులకు 3:19లో పౌలు ఎలీఫజు మాటనే లేఖనంగా ఎత్తి చెప్పాడు. విత్తినదే కోస్తామని గలతీయులకు 6:7లోనూ ఉంది. తప్పు మాటలో లేదు, దాన్ని తిప్పేయడంలో ఉంది. ఎండలో పనిచేస్తే కళ్లు తిరుగుతాయి, నిజమే. కళ్లు తిరిగిన ప్రతివాడూ ఎండలో ఉన్నట్టా? షుగరు ఉండొచ్చు, పొద్దుట తినకపోయి ఉండొచ్చు. అలాగే బాధ వచ్చింది గనుక పాపం చేశాడు అనకూడదు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు వాళ్లు ఇతరులకంటే పాపులు కారని యేసు ప్రభువు చెప్పాడు (లూకా 13:4-5). పుట్టు గుడ్డివాడి విషయంలోనూ అంతే (యోహాను 9:3).

మరి పాప ఎందుకు పోయింది? నాకు తెలియదు. 38 నుండి 41 వరకు దేవుడు మాట్లాడాడు గాని, కారణం యోబుకు కూడా చెప్పలేదు. యోబును గద్దించాడు కూడా. కానీ తోసివేయలేదు. 42:8 ప్రకారం స్నేహితులే ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లతో యోబు దగ్గరికి వెళ్లాలి. యోబు ప్రార్థిస్తేనే వాళ్లకు క్షమాపణ. ఏడ్చి ప్రశ్నించినవాడి ప్రార్థన దేవుడు విన్నాడు. ఆయన ఎలాంటివాడో నేను అక్కడ చూశాను.

నేనూ వెళ్లాను. నా దగ్గర ఎడ్లు లేవు, రెండు టీలు పట్టుకెళ్లాను. "తమ్ముడూ, ఆ రాత్రి నేను దేవుని గురించి తప్పు చెప్పాను, నన్ను క్షమించు" అన్నాను. అతనేమీ అనలేదు. టీ మాత్రం తాగాడు.

ప్రియులారా, ఒక వచనం ఇంకొకరికి పంపే ముందు మూడు చూడండి: ఎవరు పలికారు, ఎవరితో పలికారు, చివరికి దేవుడు దాని గురించి ఏమన్నాడు. దుఃఖంలో ఉన్నవాడి దగ్గర మాట దొరక్కపోతే 2:13 చేయండి. ఆ స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే.

ప్రార్థన: తండ్రీ, నీ పేరు చెప్పి మేము గాయపరచినవారిని ఆదరించు. తెలియనిచోట ఊరుకొనే జ్ఞానం మాకు దయచేయుము. ఆమేన్.