సోపతి

గంగారం అడవికి ఒక సినిమా బృందం వచ్చిందనుకుందాం. కథ వాళ్లే రాసుకొచ్చారు. అడవిలో ఒంటరిగా బతికే ముసలాయనకూ, దారి తప్పి వచ్చిన పిల్లగాడికీ సోపతి కుదురుతుంది. అంతే కథ. పేరున్న నటులు వద్దు, ఈ నేల మీద పుట్టిన ముఖాలే కావాలని వెతికితే కోయగూడెంలో ఒక డోలి పెద్దాయన దొరికాడు. డెబ్బై దాటిన మనిషి. గుడ్డ మీద బొమ్మలు వేసిన పడిగెను పట్టుకొని, డోలు కొడుతూ కోయల వంశాల కథలు పాడటం ఆయనకు తాతముత్తాతల నుంచి వచ్చిన పని. పిల్లగాడు వాగు అవతలి తండాలో దొరికాడు. పదకొండేళ్లవాడు, ఆరో తరగతి. ఆయన మాట కోయ, వీడి మాట లంబాడీల గోర్‌బోలి. మధ్యలో తెలుగు ఉంది గానీ అది ఆయన సంతలో నేర్చింది, వీడు బడిలో నేర్చింది. గూడేనికీ తండాకూ భూముల దగ్గర, కొలువుల దగ్గర ఎన్నేళ్ల నుంచి పంచాయితీలు నడుస్తున్నాయో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఇద్దరూ అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు.

పిల్లగాడు పెద్దాయన ఒళ్లో తల పెట్టుకోవాలి, ఆయన వాడి తల నిమరాలి. ఇప్పచెట్టు కింద ఆ ఒక్క ముక్కే పొద్దున్నుంచి తీస్తున్నారు. వీడి మెడ కర్రలా బిగుసుకుపోయింది. ఆయన చెయ్యి, పక్కింటివాళ్ల గొర్రెపిల్లను తప్పిపోకుండా పట్టుకున్నట్టుంది. "తాతా, ఇంకొంచెం ప్రేమగా" అని డైరెక్టర్ బతిమాలాడు. పదిసార్లు తీశారు. పదోసారికి ఇద్దరికీ విసుగొచ్చింది.

అంతలో జనరేటర్ ఆగిపోయింది. బాగుచేసేవాడు వచ్చేదాకా పని లేదన్నారు. అందరూ నీడకు పోయారు. పెద్దాయన లేచి నాలుగడుగులు వేశాడు. మడమ ఆనకుండా, వేళ్ల మీదే.

"కాలు అట్ల పెడ్తున్నవేంది తాతా?"

"ముల్లు ఇరిగింది బిడ్డా. నాలుగు రోజులాయె. నా కండ్లకు ఆనుత లేదు."

"ఇంట్ల ఎవలకన్న సూపియ్యకపోయినవా?"

ఆయన మాట్లాడలేదు. పిల్లగాడు ఆ మడమను తన మోకాలి మీద పెట్టుకున్నాడు. గట్టు మీది జిల్లేడు ఆకు తుంచి, కారిన పాలు రెండు చుక్కలు ముల్లు ఉన్నచోట వేశాడు. కాసేపు ఊదుతూ కూర్చున్నాడు. తర్వాత తుమ్మ కొమ్మ నుంచి తెల్లటి ముల్లొకటి విరిచి, చర్మాన్ని పైపైన, ఉల్లిపొర విప్పినట్టు విప్పాడు. "మా యాడి, మా అమ్మ, గిట్లనే తీస్తది. కదలకు." విరిగిన ముల్లు కొస నల్లగా బయటపడింది. గోళ్లతో పట్టి లాగి అరచేతిలో వేసి చూపించాడు. నువ్వుగింజంత ఉంది.

"గింతేనా!" అన్నాడు పెద్దాయన. "గిది నన్ను నాలుగు రోజులు నడవనియ్యలే. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు దేవుని ఎంట మేడారం జాతర దాక నడిసిన కాలు బిడ్డా ఇది."

"కండ్లకు ఆనకపోతే, మరి పడిగె మీది బొమ్మలు ఎట్ల కానొస్తయి?"

ఎవరూ అడగని మాట అది. పెద్దాయన అటూ ఇటూ చూశాడు. "కానరావు" అన్నాడు మెల్లగా. మూడేళ్లయింది. అలవాటు మీద చెయ్యి పెట్టి పాడుతున్నాడు. గుడ్డ అంచు కుట్లు తడిమితే ఏ బొమ్మ ఎక్కడో అందాజుగా తెలుస్తుంది. ఈ సంగతి కొడుకులకు చెప్పలేదు. చెబితే ఇక చాలు కూర్చోమంటారు, పడిగెను మడిచి అటక మీద పెడతారు.

పిల్లగాడు ముల్లును దూరంగా విసిరేశాడు. కాసేపు మట్టిలో గీతలు గీశాడు. "నాకు సదవరాదు తాతా" అన్నాడు. అక్షరాలు తెలుసు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాస్తాడు. రాసిందేమిటో తెలియదు. సారు లేపి చదవమంటాడని భయం. హాస్టల్ నుంచి మూడుసార్లు పారిపోయింది అందుకే. ఇంట్లో మాత్రం అన్నం బాగుండదని చెప్పాడు.

"దూపైతాంది" అన్నాడు పెద్దాయన. పిల్లగాడు సీసా తెచ్చిచ్చాడు. "నీళ్లను మీరేమంటరు?" "పాణీ. మీరు?" "ఏర్." పిల్లగాడు నవ్వాడు. తెలుగులో ఏరంటే పారే వాగు, కోయలో సీసాలో ఉన్నా ఏరే. మూతి పెద్ద సీసాలో ఏరు పడుతుందా అని వాడు, అడవి మొత్తం పట్టే సీసా ఉంటుందని ఆయన. జనరేటర్ మొదలయ్యేసరికి ఇద్దరూ కడుపు పట్టుకొని నవ్వుతున్నారు.

మళ్లీ కెమెరా పెట్టారు. ఈసారి మరీ చెడింది. తల ఒళ్లో పెట్టడం, "ఏర్" అనుకోవడం, నవ్వాపుకోలేకపోవడం. డైరెక్టర్ ఆ ముక్క ఎత్తేశాడు. నాలుగు రోజుల తర్వాత బండ్లు కట్టుకొని వెళ్లిపోయారు. ఆ సినిమా వచ్చిందో రాలేదో గూడెంలో ఎవరూ చూడలేదు.

ఎండాకాలంలో తునికాకు మొదలైంది. పిల్లగాడు పొద్దుటే వాగు దాటి వచ్చేవాడు. పెద్దాయన ఆకులు పేర్చి నార చుట్టి కట్ట కడతాడు, కట్టకు యాభై. వీడు లెక్క చూస్తాడు. మధ్యాహ్నం పడిగె విప్పుతారు. "ఏనుగు మీద ఒకాయన, చేతిల కత్తి" అని వీడు చెబుతాడు. ఆయన ఆ ఏనుగు ఎవరిదో, ఆ కత్తి ఎక్కడిదో పాడతాడు. పాడిన పేరును వీడు బొగ్గుతో బండ మీద రాస్తాడు. తన చెవితో విన్నదాన్ని తనే రాసుకుంటే, అది చదవడం వాడికి అంత కష్టం కాలేదు.

నీతి కథ అన్నాక నీతి చెప్పాలి. తన లోటును సిగ్గుపడకుండా ఎవరి ముందు చెప్పుకోగలడో, వాడే మనిషికి సోపతిగాడు. దానికి ఈడు అడ్డం రాదు. పెద్దవాళ్లకు మనం గౌరవం ఇస్తాం. ఆ గౌరవం పోతుందేమోనన్న భయంతో వాళ్లు కళ్లు మసకబారిన సంగతి దాస్తారు. పిల్లలకు బుద్ధులు చెబుతాం. ఆ బుద్ధులు తప్పించుకోవడానికి వాళ్లు చదవరాని సంగతి దాస్తారు. ఒకే ఇంట్లో ఇద్దరూ దాచుకొని తిరుగుతుంటారు.

మన సినిమాలు తాతామనవళ్లను చూపించినప్పుడల్లా నాకు కనిపించేది ఈ దాపరికమే. 1991లో వచ్చిన 'సీతారామయ్యగారి మనవరాలు' చూడండి. అమెరికా నుంచి వచ్చిన మనవరాలు, తండ్రి చనిపోయిన సంగతిని తాతకు చెప్పకుండా మోస్తుంది. అక్కినేని, మీనా ఇద్దరూ ఎదురుగా నిలబడిన ప్రతిసారీ ఆ చెప్పని మాట మధ్యలో కూర్చుంటుంది. ప్రేమకు లోటేమీ లేదు. సోపతికి మాత్రం ఆ మాట బయటపడాలి. 2023 మార్చిలో వచ్చిన 'బలగం'లో సాయిలు సంగతి ఇంకా బరువైనది. వాడి నెత్తిన అప్పులున్నాయి. తాత కొమురయ్య పోయినప్పుడు కూడా వాడి మనసు ఆ అప్పుల చుట్టే తిరుగుతుంది. తర్వాతే, తాతకు పెట్టిన కూడును పిట్ట ముట్టని ఆ రోజుల్లో, తాత ఎటువంటివాడో ఒక్కొక్కటిగా తెలుసుకుంటాడు. వేణు యెల్దండి తీసిన ఆ సినిమాను తెలంగాణ పల్లెల్లో నడిబజారులో తెర కట్టి, ఊరంతా కలిసి కూర్చొని చూశారు. చివర్లో దుగ్గొండికి చెందిన బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే ఏడ్వనివాళ్లు తక్కువ. ఎందుకంత ఏడ్చారు? ప్రతి ఇంట్లో అడగకుండా పోయిన మాట ఒకటి ఉంటుంది కనుక అనుకుంటాను. సాయిలుకు తాతతో సోపతి కుదిరింది, తాత పోయాక. ఆ మొగిలయ్య కూడా 2024 డిసెంబర్‌లో కన్నుమూశాడు.

అదే ఏడాది జూన్‌లో సకిని రామచంద్రయ్య పోయాడు. మణుగూరు వైపు మనిషి, కోయల డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథను, పగిడిద్దరాజు కథను పాడిన గొంతు అది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాడిన కథలు పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు, ఒకరి పక్కన ఒకరు కూర్చుంటే వచ్చినవి. పక్కన కూర్చోవడానికి పిల్లలకు ఏదో ఒక కారణం ఉండాలి. నేర్చుకో, ఇది మన సంస్కృతి అంటే ఏ పిల్లగాడూ కూర్చోడు. 'నా కండ్లకు ఆనుత లేదు, జర సూడు బిడ్డా' అంటే కూర్చుంటాడు. పెద్దవాళ్లు అడగడం నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. మొదట అడగాల్సింది వాళ్లే. పిల్లలకు ఆ ధైర్యం పెద్దల్ని చూసే వస్తుంది.

మళ్లీ గంగారం దగ్గరికే వద్దాం. పగిడిద్దరాజు గుడి ఉన్న పూనుగొండ్ల ఆ మండలంలోదే. రెండేళ్లకోసారి మాఘ పున్నమి దగ్గరపడితే పెనక వంశం వడ్డెలు, అంటే పూజారులు, పగిడిద్దరాజును పడిగెతో సహా తీసుకొని మేడారం జాతరకు కాలినడకన బయలుదేరతారు. అడవి దారి. మధ్యలో ఒక రాత్రి మజిలీ. ముసలివాళ్లు, పడుచువాళ్లు ఒకే బాటన నడుస్తారు. ఆ బాటలో తుమ్మలూ ఉంటాయి, జిల్లేడూ ఉంటుంది.