భయపడే బిడ్డను తోయవచ్చా?



సింగపూర్ కల్లాంగ్‌లో ఓసీబీసీ ఆక్వాటిక్ సెంటర్ ఉంది. 2014లో తెరిచారు. 10 మీటర్ల ఎత్తు నుంచి దూకే పోటీలు అక్కడ జరుగుతాయి. ప్రార్థన కూటానికి వెళ్లినప్పుడు ఒక తెలుగు సహోదరుడు తన కూతురి డైవింగ్ క్లాసుకి నన్ను తీసుకెళ్లారు.

పాప బోర్డు చివర నిలబడి వణికిపోతోంది. కోచ్ తిట్టలేదు, తొయ్యలేదు. వెనక్కి పిలిచి, గట్టు మీద కూర్చుని దూకమన్నారు. తర్వాత మోకాలి మీద, తర్వాత నిలబడి. చివరికి పాప తనే మళ్లీ బోర్డెక్కి, వణుకుతూనే దూకింది.

నాకు కన్నీళ్లాగలేదు. నేను దుబాయ్‌లో కూలి చేసే రోజుల్లో రెండేళ్లకోసారి ఇంటికొచ్చేవాణ్ణి. సెలవు అయిపోయేలోగా ఈత రావాలని, మావాడి నడుముకి బెండు కట్టి బావిలోకి తోసేశాను. వాడు మునగలేదు. కానీ మళ్లీ ఏ నీళ్ల దగ్గరా నా చెయ్యి పట్టుకోలేదు. నా సెలవు తక్కువైతే, వాడి భయం తొందరగా పోవాలా?

ప్రియులారా, భయం పాపం కాదు. తోస్తే ఒళ్లు నీళ్లలో పడుతుంది, మనసు గట్టు మీదే ఉండిపోతుంది. ప్రభువు పేతురును పడవలోంచి తొయ్యలేదు. రమ్మని పిలిచాడు, మునిగిపోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

మీ బిడ్డ దేనికి భయపడుతోంది? చీకటికా, పరీక్షకా, మీకా? తోయకండి. ముందు మీరు నీళ్లలోకి దిగి, చెయ్యి చాచి పిలవండి.

మొన్న మావాడికి ఫోన్ చేసి క్షమించమన్నాను. "ఇప్పుడెందుకులే నాన్నా" అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. దేవునికి స్తోత్రం.

ఆమేన్.