తోడు

రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, నిన్నటి పెరుగు ఒక చెంచా వేస్తాం. అదే తోడు. తెల్లారేసరికి గిన్నెడు పెరుగు.

మన నమ్మకాలూ అలాగే తోడుకుంటాయి. మనకు ఊహ తెలియకముందే ఇంట్లో ఎవరో ఆ చెంచా వేసేస్తారు.

గోరా గారిని తలచుకోండి. నాస్తికుడు గోపరాజు రామచంద్రరావు. నిష్ఠగల ఇంట్లో పుట్టారు. జంధ్యం వదిలేశారు. తండ్రి ఇల్లు విడిచి వెళ్ళమన్నారు. ఆ మాట అనడానికి ఆ తండ్రి ఎంత నలిగిపోయి ఉంటాడో! నాకు ఇద్దరి మీదా గౌరవమే. తర్వాత గోరా, సరస్వతీ గోరా తమ ఇంట్లో తమ తోడు వేశారు. ఉప్పు సత్యాగ్రహం నాట పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. దేవుడి పేరు కాదు, ఆనాటి ఉద్యమపు పేరు. ఆ లవణం గారూ నాస్తికుడిగానే జీవితమంతా జనం మధ్య పనిచేశారు. అంటే, దేవుడు లేని ఇంట్లోనూ తోడు పడుతుంది.

మా ఇంట్లో ఆ చెంచా అమ్మది. పొద్దున్నే దీపం, శనివారం ఒక్కపూట భోజనం. నాకు పెద్దయ్యాక నమ్మకం పోయింది. ఆ సంగతి అమ్మకు చెప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. చెప్పిన రోజున అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

“నమ్మకం లేనప్పుడు, ఇన్నాళ్ళలాగే దణ్ణం పెడుతూ ఉండిపోవచ్చుగా? నాకెందుకు చెప్పావు?”

“అబద్ధమాడొద్దని నువ్వేగా నేర్పావమ్మా.”

అమ్మ నా తల నిమిరింది. ఇప్పటికీ దీపం అమ్మే పెడుతుంది. వత్తులు నేను చేసిస్తాను.