సౌలు కవచమును విప్పిన బాలుడు

ధ్యాన భాగము: 1 సమూయేలు 17:28–40



దావీదు గొల్యాతును పడగొట్టిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలందరికిని తెలియును. అయితే వడిసెల త్రిప్పుటకు ముందు జరిగిన సంగతులను మనము త్వరగా దాటిపోవుచుందుము. ఈ నెల అక్కడ కొంచెము ఆగి చూతము.

మొదట ఇంటివాడైన అన్న ఏలీయాబు కోపపడి, తమ్మునిది గర్వమని గద్దించెను. పిమ్మట సౌలు రాజు, ఎదుటివాడు ఆరితేరిన యోధుడు, నీవో పసివాడవని అడ్డుపెట్టెను. అందుకు దావీదు తన బలమును వర్ణింపలేదు. మంద కాచుచుండగా సింహమును ఎలుగుబంటియు వచ్చినప్పుడు ఏమి జరిగెనో చెప్పెను. ఎవరును చూడని చోట చేసిన పని అతనికి సాక్ష్యమాయెను.

1977లో ఆల్బర్ట్ బండూరా అను మనశ్శాస్త్రజ్ఞుడు, ఒక పని నేను చేయగలనను ధైర్యము మనుష్యునికి ఎక్కడనుండి కలుగునో వివరించుచు వ్రాసెను. తనవంటివాడు చేయగా చూచుటవలనను, నమ్మదగినవారి మాటవలనను, మనస్సు నెమ్మదిగా నుండుటవలనను అది కలుగును. కాని అన్నిటికంటె బలమైనది, తానే చేసి గెలిచిన పని. మన కాఫీ తోటల తల్లులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఎఱ్ఱని పండునే కోయవలెనని పిల్లకు ఎవరు బోధించిరి? తల్లి వెంట మొక్క మొక్కకు తిరిగి కోసినది, అంతే.

ఇప్పుడు మన పిల్లల చదువు సంగతి చూడుడి. 2020 మార్చిలో కరోనా వ్యాధివలన బడులు మూతపడగా, ఆశ్రమ పాఠశాలల పిల్లలు కొండమీది ఊళ్లకు తిరిగివచ్చిరి. పాఠములు టీవీలోను సెల్‌ఫోనులోను చెప్పబడెను. టవరు అందని ఊళ్లలో పిల్లలు సిగ్నలు కొరకు గుట్టలెక్కిరి. ఇంటిలో కువియో ఆదివాసీ ఒరియాయో మాటలాడు పిల్లకు వేరొక భాషలో పాఠము పరుగెత్తుచుండెను. ఆపి అడుగుదమన్న ఎదుట మాష్టారు లేడు.

ఆ దినములు గడచిన తరువాత నేను ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లితిని. ఆ ఇంటి కుర్రవాడు బడి మానియుండెను. కారణమడుగగా తల వంచుకొని, “నాకు బుర్ర లేదయ్యగారూ, ఫోనులో చెప్పినది ఒక్కటీ ఎక్కలేదు” అనెను. ప్రక్కనున్న తండ్రి, “వాడికి చదువు రాదండి” అని ఊరకొనెను. నాకు ఏలీయాబు జ్ఞాపకము వచ్చెను. తెగిపోయినది సిగ్నలు, బాలుడు తెగిపోయినది తన బుద్ధి అనుకొనెను.

ఇక్కడ సౌలు కవచమును చూడుడి. రాజు మంచి మనస్సుతోనే దానిని తొడిగించెను. దావీదు నడువబోయి, అలవాటు లేదని చెప్పి విప్పివేసెను. నేను పనికిరానివాడనని అనలేదు. ఈ భేదము మన పిల్లలకు తెలియవలెను. మరియు ఆయుధము చెడ్డదనియు దావీదు అనలేదు. ఆ దినముననే గొల్యాతు ఖడ్గము పట్టెను, పిమ్మట నోబులో యాజకుని అడిగి దానినే తీసికొనెను. ఫోను కూడ అట్టిదే. 2017లో ప్రారంభమైన ‘స్వయం’ వంటివాటి ద్వారా కళాశాల పాఠములు సైతము ఇంటినుండి నేర్చుకొనవచ్చును. దానిని వెలివేయుట వివేకము కాదు. పిల్లచేతిలో పెట్టి పొలమునకు పోవుటయు వివేకము కాదు.

“నేను చేయగలను” అనుట విశ్వాసికి తగునా అని కొందరు పెద్దలు అడుగుదురు. మంచి ప్రశ్నయే. దావీదు సింహమును పట్టినది తన చేతులతోనే. తప్పించినవాడు ప్రభువని చెప్పినదియు ఆ నోటితోనే. ఈ రెంటిని అతడు విడదీయలేదు. దేవుడు చేయించిన మేలును దాచిపెట్టుట వినయమని నేను తలంపను.

ఆ కుర్రవాని సంగతి ముగించెదను. మా సంఘములో ఇంటరు చదువు ఒక అమ్మాయి పాడేరు వెళ్లినప్పుడు పాఠములను ఫోనులో దింపుకొని వచ్చును. సాయంకాల ప్రార్థనకు ముందు మందిరములో చాప పరచి, కొంచెము వినిపించి, ఆపి, ఇంటి భాషలో చెప్పి, ఒక్క లెక్క చేయించును. మొదటి వారము వీడు గుమ్మము దాటలేదు. రెండవ వారము ఒక భిన్నముల లెక్క తానే చేసి, పలక ఎత్తి చూపెను. సరిగానేయుండెను. తండ్రి అప్పుడు వాకిట నిలిచియుండెను. ఏమియు అనలేదు గాని, మరునాడు పసుపు తవ్వుట త్వరగా ముగించి, కుమారుని తానే తీసికొనివచ్చెను.

ఇంకను అతడు ప్రతి పాఠమును రెండుమారులు వినిపించుమని అడుగును. ఆ అమ్మాయి విసుగుకొనక, “సరే తమ్ముడూ, మళ్లీ విను” అని వెనుకకు త్రిప్పును.