అత్త సొమ్ము, అల్లుని దానము

చిరకాలము కొలువుచేసి వెడలువానికి కొంత ద్రవ్యమొసగి సాగనంపుట మర్యాద. మన దేశమున 1972 నాటి గ్రాట్యుటీ చట్టము ఐదేండ్లు పనిచేసినవానికి ఏడాదికి 15 దినముల వేతనము చొప్పున లెక్కగట్టినది. ఆ లెక్కలో పనివాని చెమట కన్పించును. పెద్ద కంపెనీల అధికారులు పదవి వీడునపుడు పొందు ధనమున కీ కొలత చాలదు.

అమెరికాలోని డిస్నీ సంస్థ 1995లో మైకేల్ ఓవిట్జ్ అను నతనిని అధ్యక్షునిగా నియమించెను. పొత్తు కుదరక పదునాలుగు నెలలకే ఆయన వైదొలగవలసి వచ్చెను. చేతికందినది దాదాపు 14 కోట్ల డాలర్లు! వాటాదారులు న్యాయస్థానము నాశ్రయించిరి. డైరెక్టర్ల నడత ఆదర్శమునకు చాల దూరమైనను చట్టవిరుద్ధము కాదని 2005లో డెలావేర్ రాష్ట్రమున తీర్పు వెలువడెను. మరుసటి ఏడు పై న్యాయస్థానము దానినే ఖాయపరచెను.

తీర్పును నిందింపలేము. ఆయన తప్పు లేకుండ తొలగించినచో ఇంత ముట్టవలెనని నియామకపు ఒడంబడికలోనే యున్నది. ఆడిన మాట నిలుపుట ధర్మమే కదా! మరి అధర్మమెచట? మాట ఇచ్చిన ఘడియలోనే యని నాకు తోచుచున్నది. బలిచక్రవర్తి తనదైన నేలనే ధారపోసెను. అది చాలనపుడు తన శిరస్సునే చూపెను. ఇచట మాట ఇచ్చినది డైరెక్టర్లు, తీర్చినది వాటాదారులు. ఆ వాటాలలో సామాన్య కుటుంబముల పొదుపును ఉండును. అత్త సొమ్ము అల్లుడు దానము చేయుటయన నిదియే.

ఉన్న వృత్తిని విడిచి వచ్చువానికి భరోసా వలదా యందురు. వలయును. ఓవిట్జ్ సైతము లాభసాటియైన స్వంత సంస్థను వదలి వచ్చినవాడే. అయితే భరోసాకు మేర యుండవలెను. మన 2013 నాటి కంపెనీల చట్టము మేనేజింగ్ డైరెక్టరు మున్నగువారి పదవీనష్ట పరిహారము మిగిలిన పదవీకాలపు జీతమును గాని, మూడేండ్ల జీతమును గాని, ఏది తక్కువైన దానిని మించరాదన్నది. మోసము చేసినవానికి అదియును లేదు.

స్విట్జర్లాండులో నీ ప్రశ్న ప్రజల ముందుకే వచ్చెను. 2013లో నోవార్టిస్ సంస్థ పదవి వీడుచున్న తన ఛైర్మన్ డానియెల్ వాసెల్లాకు, పోటీ సంస్థలలో చేరకుండుటకై ఆరేండ్లలో 7 కోట్ల 20 లక్షల ఫ్రాంకుల వరకు ఇచ్చుటకు ఒప్పుకొన్న సంగతి బయటపడెను. పనిచేయకుండుటకు కూలి యన్నమాట! జనము ఆగ్రహింపగా ఆయన దానిని వదలుకొనెను. అయినను, మార్చి 3న జరిగిన ఓటింగులో, షేరుబజారు కంపెనీలలో నిట్టి వీడ్కోలు ధనమును నిషేధింపవలెనని నూటికి దాదాపు 68 మంది కోరిరి.