మార్చుట - మరుగుపఱచుట

పాతవస్తువునందలి చెడిన భాగమును తీసి క్రొత్తదానిని పెట్టినచో ఆ వస్తువు పాతదేయగునా? పలకలన్నియు ఒక్కొక్కటిగ మార్చబడిన పిమ్మట థీసియసు నావ ఆ నావయేయగునా యని గ్రీకు తత్త్వవేత్తలు వాదించిరని ప్లూటార్కు వ్రాసెను. మా గుంటూరిసీమలో ఈ ప్రశ్న నాకొక మోటారుబండి మూలమున నెదురైనది.

మా పెదనాయనగారి అంబాసిడరుకారు పత్తిచేల, మిరపచేల నడుమ నలువదియేండ్లు తిరిగి, ఆయన గతించిన పిమ్మట నా పాలికి వచ్చినది. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. పాతబండ్లపై మోజుగల యొకాయన, భాగములన్నియు మొదటివేయైనచో మంచి వెల యిత్తుననెను. ఆ వేసవిలోనే బండి చిలకలూరిపేట బాటలో ఆగిపోయినది. వృద్ధుడైన మెకానిక్కు మూత విప్పి, వ్రేలికొనంత లోహపుగొట్టమును చూపి, "కండెన్సరు పోయింది బాబూ. పాయింట్లు కూడా మాడినయ్" అనెను.

పాయింట్లు విడివడు క్షణమున తీగచుట్టలోని విద్యుత్తు ఆ సందున నిప్పురవ్వయై దూకజూచును. ఇంచుమించు 0.2 మైక్రోఫారడ్ల కండెన్సరు దానిని తనలోనికి తీసికొనును. అందుచే చుట్టలోని అయస్కాంతబలము తటాలున నశించి, ప్లగ్గునొద్ద బలమైన మెఱుపు పుట్టును. ఏండ్లతరబడి వేడికి గొట్టములోని రేకుల నడిమి పొర చెడును. పెద్దలనాటిదని దానిని గౌరవించి యుంచినచో అది ప్రక్కనున్న పాయింట్లను కాల్చును. భాగమునెడ భక్తి మొత్తమునకు ద్రోహమగుట యిట్లే.

"పాత గొట్టం పైకి కనపడేటట్టు అట్లాగే ఉంచి, కొత్తది మరుగున పెడతాను. కొనేవాడికి తెలియదు" అని వృద్ధుడు చెప్పెను. నాకాశ పుట్టలేదని చెప్పజాలను.

పాతరూపము నుంచుట తప్పుగాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించినపుడు, వివాహమను పాతరూపమును నిలిపి, అందలి యన్యాయమును తొలగించిరి. కాని చాటున చేయలేదు. నిందల కోర్చి లోకమునెదుట చేసిరి. లోపలి మార్పును దాచక చెప్పుటయే సంస్కర్తకును మోసగానికిని గల భేదము.

క్రొత్త కండెన్సరు వేయించితిని. పాతదానిని కాగితమున చుట్టి, బేరమునకు వచ్చినాయన చేతిలో పెట్టి సంగతి చెప్పితిని. ఆయన వెల కొంత తగ్గించి బండి తీసికొనిపోయెను. తగ్గిన సొమ్మునకు బాధ కలుగకపోలేదు. కాని మా యింటి యాచారములలో చచ్చినవానిని ఎన్నింటిని గౌరవముతో నిలుపుకొంటిమో, ఎన్నింటిని మార్చియు మార్చలేదని చెప్పుకొనుచున్నామో, ఆ రాత్రి మొదటిసారి లెక్కించుకొంటిని.