పారణ నెరిగినవారి కర్తవ్యము

ఉపవాసము వేరు, పస్తు వేరు. మొదటిది మనస్సు కోరి పూనిన వ్రతము. రెండవది లేమి విధించిన శిక్ష. అయినను శరీరమునకు ఈ భేదము తెలియదు. అందుచేతనే అఠాయి చేసినవారు ఎనిమిది దినముల పిదప విందునకు కూర్చొనరు. పెసరకట్టుతో మెల్లగా పారణ చేయుదురు.

కోరాపుట్, రాయగడ సీమలకు పస్తు కొత్త కాదు. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతమున మామిడి టెంకల పిండితో కాచిన అంబలి త్రాగి పలువురు గిరిజనులు మరణించిరి. అవి ఆకలి చావులా, విషాహారపు చావులా అని వాదములు చెలరేగినవి. ఇంట మంచి తిండి యున్నచో చెడిన టెంకల అంబలి ఎవరు త్రాగుదురు?

దుకాణము ముందు నిలిచిన బిడ్డ పస్తును గుర్తించుట ఎట్లు? ఆరు మాసములు నిండి ఐదేండ్లు దాటని బిడ్డకు దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినను, రెండు పాదములు వాచి బొటనవ్రేలితో నొక్కినచోట గుంట నిలిచినను, అది తీవ్రమైన పోషకాహార లోపము. వాపును చూచి బొద్దుగా నున్నదని మోసపోరాదు.

అట్టి బిడ్డకు జాలిపడి కడుపునిండ అన్నము పెట్టుట పుణ్యమగునా? క్షీణించిన దేహము ఆ భారమును తాళజాలదు. రక్తములోని లవణములు తారుమారై గుండె ఆగవచ్చును. అందుచేత పోషణ పునరావాస కేంద్రములలో మొదట వెచ్చదనము, చక్కెరనీరు, రెండేసి గంటలకు కొలిచిన పలుచని పాలు ఇత్తురు. ఆకలి తిరిగి పుట్టిన పిదపనే బలమైన ఆహారము.

కావున ఇచ్చట ఆహారదానము, ఔషధదానము ఒక్కటే. తల్లి బిడ్డతో ఆస్పత్రిలో నున్నన్నాళ్లు కూలి పోవును. ఇంట మిగిలిన పిల్లలు పస్తుందురు. ఆ లోటు తీర్చుటయు దానమే. పారణ నెరిగిన ఇంటికి ఇట్టి నిదానమైన దయ కష్టము కాదు.